రిడ్జి మీద పిడికెడు మట్టి

వీపుకి సంచి తగిలించుకుని కొండలూ అడవులూ తిరిగి రావడాన్ని మా ఆస్పత్రిలో కుర్ర నర్సులు బ్యాక్‌ప్యాకింగ్ అంటారు. నాలుగు రోజులు సెలవు దొరికితే చాలు, ఏ పాత కోటకో, ఏ యుద్ధం జరిగిన కొండకో పోయి ఫొటోలు పట్టుకొస్తారు. మీరెప్పుడైనా వెళ్ళారా సిస్టర్ అని నన్నూ అడుగుతారు. వెళ్ళాను. ఢిల్లీ దాటలేదు. నా సంచిలో ఉన్నవి గుల్ల సున్నం, కుంచె, పెద్ద నీళ్ళ సీసాలు, కొవ్వొత్తులు, బంతిపూలు, ఒక డబ్బాలో పులిహోర, బైబిలు. నా పక్కన మా అమ్మ.

అది రెండు వేల దశకం మధ్యలో సంగతి. ఢిల్లీ మునిర్కాలో మూడో అంతస్తు గదిలో ఇద్దరు మలయాళీ నర్సులతో ఉండేదాన్ని. అక్టోబరు ఆఖర్లో అమ్మ గుంటూరు దగ్గర మా ఊరి నుంచి ఒక్కతే రైలెక్కి వచ్చింది. అప్పటిదాకా ఆమె విజయవాడ దాటి ఎరగదు. స్టేషన్లో దిగగానే నన్ను దగ్గరికి తీసుకుని ఏడుస్తుందనుకున్నాను.

"ఈ సంచి జాగర్తే, సున్నం ఒలికిపోద్ది," అంది.

ఢిల్లీలో సున్నం దొరకదా అని ప్లాట్‌ఫారం మీదే అరిచాను. "దొరికిద్ది. అది మీ తాత ఎరిగిన సున్నం కాదుగా," అంది. మా అమ్మ పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. ఆ సంగతి నాకు పుట్టినప్పటి నుంచీ తెలుసు, అయినా ప్రతిసారీ నాలుగో కాలు చూపించబోతాను.

మా తాత, అంటే అమ్మ తండ్రి, రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో పటాలంలో చేరాడు. మా పేట నుంచి అప్పట్లో చాలామంది చేరారు. తిండి పెడతారని, బూట్లు ఇస్తారని చేరారు తప్ప ఎవరి మీద ఎవరు యుద్ధం చేస్తున్నారో వాళ్ళకి పట్టలేదు. అమ్మ అప్పటికి కడుపులో ఉంది. తాత ఏ యుద్ధమూ చూడకుండానే ఢిల్లీలో ఏదో క్యాంపులో జ్వరం తగిలి పోయాడు. ఆయనతో పాటు చేరిన మా ఊరి మనిషి ఒకాయన తిరిగొచ్చి ఆ కబురు చెప్పాడు. గుట్ట మీద పాతిపెట్టామని, అక్కడికి సిలువ ఉన్న రాతి గోపురం కనిపిస్తుందని, చుట్టూ తుమ్మచెట్లని చెప్పాడు. కల్లు తాగినప్పుడు అదే మనిషి మా తాత బాంబు తగిలి చచ్చాడనేవాడట. కానీ గోపురం, సిలువ, తుమ్మచెట్లు మాత్రం తాగినా తాగకపోయినా మార్చలేదట.

మా వాళ్ళలో మనిషిని గోతిలోకి దించాక అయినవాళ్ళు ఒక్కొక్కరూ పిడికెడు మట్టి వెయ్యాలి. వేసిన చెయ్యి దులుపుకున్నప్పుడే ఆ మనిషి పోయాడని మనసుకి తెలుస్తుంది. అమ్మమ్మకి ఆ అవకాశం రాలేదు. మట్టి వెయ్యని మొగుణ్ణి పోయాడని ఎట్లా అనుకోవాలి అంటూ నల్లపూసలు తియ్యకుండానే అరవై ఏళ్ళు బతికింది. వీధిలో ఎవరైనా కొత్త మగమనిషి నడిచి వస్తే ముసలితనంలో కూడా అరుగు మీద నుంచి మెడ సాచి చూసేది. అది చూసి మేము పిల్లలం నవ్వేవాళ్ళం. అమ్మ ఢిల్లీ వచ్చిన ఏడే, ఎండాకాలంలో ఆమె చనిపోయింది. పోయే ముందు అమ్మ చెయ్యి పట్టుకుని, మీ నాయన మీద మట్టి పిడికెడు తెచ్చి నా మీద వెయ్యవే అని అడిగింది.

నవంబరు మొదట్లో మాకు సమాధుల పండుగ. ఆ రోజుకి ఎవరి సమాధులకి వాళ్ళు సున్నం కొట్టి, పూలు పరిచి, కొవ్వొత్తులు వెలిగిస్తారు. అమ్మమ్మది ఇంకా మట్టి దిబ్బగానే ఉంది. పండుగలోపు కట్టించకపోతే ఊళ్ళో మాట పడాలి. పైన సిమెంటు పలక వేసేశాక ఇక లోపలికి ఏదీ పోదు. అందుకని తాపీమేస్త్రీని ఆగమని చెప్పి అమ్మ రైలెక్కింది.

మొదట ఆమెని కంటోన్మెంటులో ఉన్న యుద్ధ సమాధుల తోటకి తీసుకెళ్ళాను. కత్తిరించిన పచ్చగడ్డి, బడిపిల్లల్ని ప్రార్థనకి నిలబెట్టినట్టు వరసలుగా రాళ్ళు. అమ్మకి ఇంగ్లీషు రాదు కాబట్టి ఒక్కొక్క రాయీ నేను చదివాను. మన దేశం వాళ్ళ పేర్లు కొన్ని ఉన్నాయి. తాత లేడు. అమ్మ పెద్దగా బాధపడలేదు. "ఇది గుట్ట కాదుగా," అంది. గుట్ట అంటే రిడ్జి అని, ఉత్తరాన యూనివర్సిటీ పక్కన అడవి ఉందని, అక్కడ ఒక పాత రాతి కట్టడం ఉందని నోరు జారింది నేనే. సిలువ ఉందా అని అడిగింది. బస్సులోంచి చూసిన గుర్తు, ఉన్నట్టే ఉంది అన్నాను. ఆ మాటతో అమ్మ రాత్రంతా నా బకెట్లో సున్నం నానబెట్టింది.

మర్నాడు పొద్దున్నే రెండు బస్సులు మారి వెళ్ళాం. సంచి ఒక మలయాళీ నర్సుది, కొండలెక్కేవాళ్ళు వేసుకునే రకం. తడి సున్నం డబ్బా అడుగున పెడితే నడుము లాగేసింది. రోడ్డు పక్కన మెట్ల మీద ఎర్రరాతి కట్టడం అంతస్తులు అంతస్తులుగా లేచి ఉంది, కొసన సిలువ. అమ్మ నెత్తిన కొంగు కప్పుకుని చెప్పులు విప్పేసింది.

"గుడి కాదమ్మా," అన్నాను.

"సిలవ ఉందిగా."

గోడకి ఉన్న పలకలు చదివి చెప్పాను. ఇది తాత యుద్ధం కాదు, అంతకు దాదాపు తొంభై ఏళ్ళ ముందు జరిగిన సిపాయిల తిరుగుబాటుది. తిరగబడ్డవాళ్ళని అణిచి ఢిల్లీని మళ్ళీ పట్టుకున్న ఇంగ్లీషువాళ్ళు, చచ్చిపోయిన తమ పటాలం కోసం కట్టుకున్నారు. అందులో శత్రువు అని రాసి ఉన్నది మనవాళ్ళని. ఆ శత్రువులే దేశం కోసం పోరాడిన అమరవీరులని స్వాతంత్ర్యం వచ్చాక ఇంకో పలక పెట్టారు. ఇదంతా చెప్తే అమ్మ శ్రద్ధగానే విన్నది. విని, "అంటే మీ తాత వచ్చేసరికి ఇది ఉందన్నమాట," అంది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది నా పని.

అక్కడి నుంచి అడవి మొదలు. దుమ్ము పట్టిన తుమ్మలు, వాటి మధ్య రాళ్ళ గుట్టలు, ఎక్కడో నెమలి అరుపు. చలికాలం పొగ అప్పుడే దిగుతోంది, సూర్యుడు ఉన్నా ఎండ లేదు. చెట్లు చూడగానే అమ్మ ముఖం విప్పారింది. "సర్కారు తుమ్మే! ఆయన అబద్ధం చెప్పలేదు," అంది. ఢిల్లీ నిండా ఇవే చెట్లమ్మా అన్నాను. వినలేదు.

లోపల దారిలో ఫారెస్టు గార్డు ఎదురయ్యాడు. సంచి విప్పమన్నాడు. సున్నం, పూలు, కొవ్వొత్తులు చూసి మొహం చిట్లించాడు. ఇక్కడ రోజుకో దర్గా, రోజుకో గుడి లేస్తోంది, నిప్పు పెట్టొద్దు, దేనికీ రంగు పుయ్యొద్దు, కనిపిస్తే తవ్వి పారేయిస్తాం అన్నాడు. సరే భయ్యా అన్నాను. అమ్మకి అక్షరం వదలకుండా చెప్పాను. "మనమేం కొత్తగా కట్టడంలేదుగా, ఉన్నదాన్ని బాగుచేసుకోటమేగా," అంది.

పొద్దంతా తిరిగాం. గుండ్రటి బురుజు ఒకటి చూశాం, తిరుగుబాటు రోజున దొరల ఆడవాళ్ళు, పిల్లలు అందులో దాక్కుని సాయం కోసం ఎదురుచూశారట. సాయం రాలేదు. ఇంకాస్త పోతే నల్లటి నీళ్ళతో చెరువు, శవాల్ని అందులో పారేశారని దానికి రక్తపు చెరువని పేరు. ఒడ్డున కాలేజీ జంటలు వేరుశనగలు తింటున్నాయి. నీళ్ళ మీద చెట్ల నీడ చక్కగా ఉంది, చూడటానికి వెళ్ళినవాళ్ళకి హాయిగానే ఉంటుంది. నాకు మాత్రం ఆ రోజు ఆ అడవంతా శవాగారంలాగే కనిపించింది. ఎవరో చచ్చిపోని అడుగు లేదు, వాళ్ళలో మాకు కావలసిన ఒక్కడు లేడు. చెరువు గట్టు మీద కోతులు పులిహోర డబ్బా ఎత్తుకుపోయాయి. "పోనీలే, అయ్యీ తింటయ్," అంది అమ్మ. ఆకలికి నాకు కళ్ళు తిరుగుతున్నాయి. ఇంటికి పోదాం పద అని కసిరాను. పండుగ దగ్గరికొచ్చింది, తిరుగు టిక్కెట్టు ఉంది, ఉత్తచేతులతో నేనెట్లా పోతాను అని అమ్మ మొదటిసారి ఏడ్చింది.

తిరిగి వచ్చేటప్పుడు దారి తప్పి, గోపురం వెనక పల్లంలోకి దిగాం. అక్కడ ఒక తుమ్మ మొదట్లో ముళ్ళకంప గుట్టగా పడి ఉంది. దాని సందుల్లోంచి రాళ్ళు కనిపించాయి. చుట్టూ పేర్చిన రాళ్ళు, మధ్యలో మట్టి. అమ్మ ఆగిపోయింది. తలెత్తి చూస్తే కొమ్మల మధ్య నుంచి సిలువ కనిపిస్తోంది.

"ఇదే," అంది.

"అమ్మా, అది రెండడుగులైనా లేదు."

"అరవై ఏళ్ళయిందే. వానలకి కుంగిపోదా?"

"రాళ్ళ మధ్య గడ్డి కూడా మొలవలేదు, ఇది పాతది కాదు. నీకు దణ్ణం పెడతాను, పద."

"నువ్వు మీ తాతని చూశావా? నేను చూశానా? ఇంక ఏ కొలత పెట్టి వెతకమంటావే?"

అమ్మ చీర కుచ్చెళ్ళు దోపుకుని ముళ్ళకంప లాగి అవతల పారేసింది. రాళ్ళకి అంటిన మట్టి తుడిచింది. మా ఊళ్ళో ఏటా చేసే పనే, చేతులు వాటంతట అవే నడిచాయి. ఒక్కొక్క రాయికీ రెండు పూతలు సున్నం వేసి, మధ్యలో బంతిపూల రేకులతో సిలువ పెట్టింది. కొవ్వొత్తి మాత్రం వెలిగించనివ్వలేదు నేను. ఆమె మోకాళ్ళ మీద కూర్చుని తండ్రితో మాట్లాడింది. పుట్టినప్పుడు ఎంత బరువున్నదీ, ఎవరు పెంచిందీ, పెళ్ళెట్లా జరిగిందీ, అమ్మమ్మ ఎట్లా పోయిందీ అన్నీ చెప్పింది. నాకు ఒకపక్క విసుగు, ఒకపక్క ఏడుపు. చివరికి పిడికెడు మట్టి తీసి కొంగున ముడి వేసుకుంది. లేచి నిలబడ్డప్పుడు ఆమె ముఖంలో అంత నెమ్మది నేను అంతకుముందు చూడలేదు. ఎవరి సమాధి అయితే ఏం, అమ్మమ్మ కోరిక తీరింది కదా అని నేను కూడా ఆ క్షణానికి సర్దుకున్నాను.

ఇంతలో పైనుంచి ఒక కేక వినిపించింది. నెత్తిన పుల్లల మోపుతో ఒక పిల్ల దిగుతోంది. మోపు కింద పడేసి పరిగెత్తుకొచ్చింది. ఆరిపోయి తెల్లగా మెరుస్తున్న రాళ్ళు చూసింది, అవతల పడి ఉన్న ముళ్ళకంప చూసింది. రెండు చేతులతో నెత్తి కొట్టుకుంది.

"యే కిస్నే కియా? దీదీ, యే కిస్నే కియా?"

ఎవరు చేశారని అడుగుతోంది. మేమే చేశామన్నాను. ఆమె మాటలు అర్థం చేసుకోవడానికి కాస్త సమయం పట్టింది. వాళ్ళది బుందేల్‌ఖండ్ వైపు, రోడ్డు పక్కన కేబుళ్ళ కోసం గోతులు తవ్వే పని. వర్షాకాలంలో ఆమెకి పుట్టిన బిడ్డ నీళ్ళ విరేచనాలతో పోయింది. పసిపిల్లల్ని వాళ్ళు కాల్చరు, పాతిపెడతారు. పాతిపెట్టడానికి ఈ ఊళ్ళో వాళ్ళకి జానెడు నేల లేదు. తెల్లవారుజామున మొగుడు పారతో వచ్చి ఇక్కడ పాతాడు. ముళ్ళకంప కప్పింది నక్కలు తవ్వకుండా, గార్డు కంటపడకుండా. పుల్లలు ఏరుకునే వంకతో రోజూ వచ్చి చూసుకుపోతుంది. ఇప్పుడు రోడ్డు మీదికి కూడా కనిపించేటట్టు మేము సున్నం కొట్టాం.

"ఏమంటందే?" అంది అమ్మ.

చెప్పాను. చెప్పకుండా ఎట్లా ఉంటాను? అమ్మ నిలబడ్డచోటే కూర్చుండిపోయింది. నాకు ఆమె మీద, తాగుబోతు మాటల ముసలాయన మీద, అరవై ఏళ్ళు అరుగు మీద కూర్చున్న అమ్మమ్మ మీద కూడా ఒళ్ళు మండిపోయింది.

ఆ పిల్ల అప్పటికే పూలు తోసేసి, పైట చెంగుతో రాళ్ళు రుద్దుతోంది. మా సీసాల్లో మిగిలిన నీళ్ళన్నీ పోశాం. సున్నం వదలలేదు, కారి చుట్టూ పాకింది. ఆఖరికి ఒక్కొక్క రాయీ పెళ్ళగించి తెల్లవైపు కిందికి తిప్పి పెట్టింది ఆమె. అమ్మ మట్టి తీసి పైన పామింది. ముగ్గురం కలిసి ముళ్ళకంప మళ్ళీ కప్పాం. అమ్మ చేతులు చీరుకుపోయి రక్తం వచ్చింది. కట్టు కడతానంటే విదిలించింది.

అంతా అయ్యాక అమ్మ కొంగు ముడి విప్పబోయింది. అది చూసి ఆ పిల్ల ఏమిటని అడిగింది. మట్టి ఎందుకు తీశామో చెప్పాను, మా తాత సంగతి, అమ్మమ్మ సంగతి. ఆమె అంతా విన్నది. తర్వాత, "లే జావో మాతాజీ," అంది. తీసుకుపొమ్మంటోంది. మట్టి కదా, మట్టికి ఏం తక్కువ అంది.

"తీసుకుపొమ్మంటోంది అమ్మా."

"నాకర్థమైంది," అంది అమ్మ. కొంగు విప్పి, ముళ్ళ సందుల్లోంచి చెయ్యి దూర్చి, మట్టంతా అక్కడే వదిలింది. చెయ్యి దులుపుకోలేదు.

ఆ పిల్ల మోపు ఎత్తుకోవడానికి చెయ్యి సాయం పట్టాను. ఊరికి రైలెక్కేటప్పుడు అమ్మ, "ఒకసారి అక్కడికి పోయి చూడవే," అంది.

పండుగకి ముందురోజు అమ్మమ్మ మీద సిమెంటు పలక వేశారు, కింద ఏమీ పెట్టకుండా. అమ్మే ఫోన్లో చెప్పింది. ఆ తర్వాత నాకు సెలవు దొరికినప్పుడు రిడ్జికి వెళ్ళాను. ఈసారి సంచి లేదు. పల్లంలోకి దిగకముందే నాకు తెలిసిపోయింది. మేము నీళ్ళు పోసినప్పుడు కారిన సున్నం బండరాయి వెంట కిందిదాకా చారలు కట్టి, ఆరి, తెల్లగా దారి చూపిస్తోంది. కంప ఒకపక్కకి ఈడ్చేసి ఉంది. రాళ్ళు చెల్లాచెదురుగా ఉన్నాయి. మట్టి పారలతో తిరగేసి, చదును చేసి ఉంది.

పుల్లలు ఏరుకునే ఆడవాళ్ళు కనిపిస్తే అడిగాను. ఆ పిల్ల వచ్చి చూసిందన్నారు. తవ్విన ఫారెస్టువాళ్ళు బిడ్డని ఏం చేశారో ఎక్కడ పారేశారో ఎవరూ చెప్పలేదట. రోజంతా అక్కడే కూర్చుందట. తర్వాత కాంట్రాక్టరు వాళ్ళ ముఠాని ఇంకో పనికి తీసుకుపోయాడు, ఎక్కడికో తెలియదన్నారు.

మా ఊళ్ళో పక్కింటివాళ్ళకి ఫోన్ చేసి అమ్మని పిలిపించాను. అబద్ధం చెప్పాలని ఒక్క క్షణం అనిపించింది, కానీ ఆమెతో నాకు అబద్ధాల అలవాటు లేదు. ఉన్నదున్నట్టు చెప్పాను.

"సున్నం తడిమీద కనపడదు," అంది అమ్మ. "ఆరితేనే తేలిద్ది. చిన్నప్పట్నించీ కొడతన్నా, నాకు తెలవదా? తెలిసే వచ్చేశా."

ఊరుకోమన్నాను. నీ తప్పు కాదన్నాను.

"ఆ పిల్లకి ఎన్నేళ్ళుంటయ్యే?"

"ఇరవై ఉంటాయేమో."

"మీ అమ్మమ్మకీ అంతే అప్పుడు," అంది. "ఇంక ఆ పిల్ల కూడా మెడ సాచి చూస్తానే ఉంటదే, బతికినన్నాళ్ళూ," అంది.